కోకల కంచె

మొన్న వడ్డాది సంతకు వెళ్దామని షేర్ ఆటో ఎక్కాను. బుచ్చయ్యపేట దాటాక చెరకు లారీ ఒకటి దారికి అడ్డంగా నిలిచిపోవడంతో మా ఆటో ఒక తోట పక్కన ఆగింది. తోట చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి, వాటి మధ్య ఒక రేకు ముక్క మీద ఎర్ర అక్షరాలు. అరవయ్యేళ్లు దాటాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని, దారిలో ఏ రాత కనిపించినా కూడబలుక్కుని చదవడం నాకు ఇప్పటికీ సరదాయే. "కరెంటు తీగ ఉంది, ముట్టుకోవద్దు" అని పూర్తిచేసేసరికి ఆ సరదా కాస్తా పోయింది.

నా వయసు వాళ్లకు పందుల బెడద గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మా అత్తవారి తోట రిజర్వు అడవి ఉన్న కొండకు ఆనుకునే ఉండేది. చెరకు తీపెక్కే వేళకు అడవిపందులు కొండ దిగేవి. తిన్నంత తిని పోతే అంత బాధ లేకపోను, మొదళ్లు కొరికి, నమిలి ఉమ్మేసి, మిగతా గడలను పడదోసి వాటి మీద పొర్లి మరీ పోయేవి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరకు కొట్టమని కటింగ్ ఆర్డర్ వచ్చేదాకా, ఈ పూట ఎంత పడిపోయిందో అని భయపడుతూ నిద్రలేవడమే మా పని.

మనిషి వాసన తగిలితే పంది రాదని మా అత్త నమ్మకం. అందుకే గట్టు పొడుగునా కర్రలు పాతి, మేము కట్టి విడిచిన కోకలన్నీ కంచెలాగా కట్టించింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లూ తలా ఒకటి ఇచ్చారు. ఇంకా చాలకపోతే పెళ్లిచూపుల నాడు నేను కట్టుకున్న పసుప్పచ్చ కోక, అప్పటికే చిరుగులు పట్టింది, అదీ తీసి ఇచ్చాను. అత్త దాన్ని విప్పి చూసి, "ఒసే, దీన్ని సూసి పందులు పారిపోతాయేటో గానీ, ఆ రోజు నా కొడుకు మాత్రం పారిపోలేదే!" అని నవ్వింది. రోజూ కోడి కూసేసరికి ఆమె గట్టు మీద ఉండేది. గాలికి జారిన కోకల్ని మళ్లీ ముడేసి, మనుషుల్ని పలకరించినట్టు ఒక్కోదాన్నీ సర్దుకుంటూ వచ్చేది.

కొన్నాళ్లకు పందులు కోకలకు అలవాటుపడిపోయాయి. ఒక మూల తోటంతా చాపలా పడిపోయిన రోజున మా మరిది కోపం పట్టలేక, మోటారు కొట్టం నుంచి తీగ లాగి కోకల వెనక కట్టాడు. చీకటి పడగానే స్విచ్చి వేసి, కోడి కూయకముందే తానే వెళ్లి ఆపేవాడు. చెక్క మీద బొగ్గుతో ఏదో రాసి కూడా నిలబెట్టాడు.

"బోర్డు రాసేను కదొదినా, ఇంకేటి భయం?" అన్నాడు.

"మీ అమ్మకీ నాకూ సదువొచ్చేటి బాబూ?" అన్నాను.

"మీకు నోటితో సెప్పేను కదా!" అని నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒకటే భయం. మంచుకు తడిసిన కోకలు తీగకు అంటుకుని ఉంటాయని, అత్త చెయ్యి వాటి మీదే ఉంటుందని, అదే ధ్యాస.

మా ఆయన బండి కట్టుకుని అనకాపల్లి వెళ్లిన ఒక తెల్లవారుజామున నేను లేచేసరికి అత్త మంచం ఖాళీగా ఉంది. లోపలి గదిలో మరిది జ్వరంతో ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. కోడి కూసిందంటే కొడుకు వెళ్లి ఆపేసి వచ్చే ఉంటాడని అత్త లెక్క. అత్త మంచం మీద లేదని తట్టి లేపితే ఉలిక్కిపడి లేచాడు. "ఆపలేదొదినా!" అంటూ ఒళ్లు తూలుతున్నా మోటారు కొట్టం వైపు పరుగెత్తాడు. నేను గట్టు దారి పట్టాను. ఆ దారి ఎలా దాటానో ఇప్పటికీ గుర్తులేదు గానీ, మలుపు తిరగగానే కంచె కింద పసుప్పచ్చగా ఏదో కుప్పలా పడి ఉండటం మాత్రం నిన్న చూసినట్టే ఉంది. అత్త అనుకున్నాను. మీద పడబోయాను.

"ఒసే! అక్కడే ఆగిపో! ముట్టుకోకు!"

కేక పక్క నుంచి వచ్చింది. అత్త కాస్త దూరాన గట్టు మీద చతికిలపడి ఉంది. కోక చుట్టుకుని తీగ మీద పడి చచ్చిపోయింది ఒక ఆడపంది.

మరిది స్విచ్చి ఆపేశానని అరిచాక వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుని, "నీ కోకే కదే అది. మసక సీకట్లో నువ్వే పడిపోయేవనుకున్నాను. నాకంటే ముందొచ్చీసిందేటి ఈ పిల్లగుంట అని, లేపుదామని సెయ్యి సాపేను. ఇంతలో తోటలో పంది పిల్లలు కుయ్యోమన్నాయే, అప్పుడు సూసేను అది పందని" అంది. అవి అరవకపోతే ఆ చెయ్యి తీగకు అంటుకున్న ఆ కోక మీదే పడేది.

ఆ పూటే మరిది తీగ పీకేశాడు. ఆ ఏడు పందులు తిన్నంత తిన్నాయి, మిగిలింది ఫ్యాక్టరీకి తోలాం. చాలా రోజుల వరకు ఎక్కడ కూన అరిచినా అత్త తన అరచెయ్యి చూసుకునేది.

మొన్న ఆటోలో నా పక్కన ఉన్నవాళ్లు గడ్డికి వెళ్లే ఆడవాళ్లు. వాళ్లకు వినబడేలా ఆ రేకు మీది రాతను రెండోసారి గట్టిగా చదివి, తోట ఎవరిదని అడిగాను. "ఎవులిదో తెల్దు పిన్నీ, పైఊరోళ్లకి కౌలుకిచ్చేరంట. ఆ కోకలు కూడా సంతలో మూటకింత అని కొన్నవే" అంది ఒకామె. లారీ కదిలింది, మా ఆటో కూడా కదిలింది. నేను మెడ తిప్పి ఆ చీరల్నే చూస్తూ కూర్చున్నాను. మా కంచెలో ఏ కోక ఎవరిదో ఊళ్లో ఎవరినడిగినా చెప్పేవారు. ఇవి ఏ ఊళ్ల ఆడవాళ్లు కట్టి విడిచినవో ఎవరికి తెలుసు? మంచులో వీటిలో ఒకటి జారి నేల మీద పడి ఉంటే, మా ఇంటి గుంటేమో అని ఉలిక్కిపడేవాళ్లు ఇప్పుడెవరున్నారు?