పెళ్లి క్యాసెట్‌లో ఎనిమిది సెకన్లు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో మరణం ఉంది, చనిపోయినవాడు లేచి రావడం ఉంది, ఒక తల్లికి దివ్యదృష్టి కలగడం ఉంది, మాయాలోకాన్ని సృష్టించిన బ్రహ్మ కూడా ఉన్నాడు. ఆ బ్రహ్మ నేనే.

కొంచెం ఎక్కువ చెప్పాను. నిజానికిది మూడు గంటల పెళ్లి క్యాసెట్‌లో ఎనిమిది సెకన్ల సంగతి. దివ్యదృష్టి అన్నది కంటిశుక్లం ఆపరేషన్.

అప్పట్లో సూరత్‌లో వడోద్ దగ్గర ఒక వీడియో మిక్సింగ్ దుకాణంలో మెషీన్ నడిపేవాణ్ణి. చుట్టూ మగ్గాల మీద పనిచేసేవాళ్ల ఇళ్లు, సగం మన తెలుగువాళ్లే. ఇక్కడ పెళ్లయితే క్యాసెట్ చేయించి, కరీంనగర్ వైపు పోయే బస్సు డ్రైవరు చేతికిచ్చి ఊరికి పంపేవాళ్లు. రాలేకపోయిన ముసలివాళ్లు అక్కడ టీవీ ముందు కూర్చుని ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని హాజరు తీసుకునేవాళ్లు. పెళ్లి చూడటం ఆ తర్వాత.

పెళ్లికూతుర్ని గులాబీలో కూర్చోబెట్టడం, పెళ్లికొడుకును మంచుకొండ మీద నిలబెట్టడం నా ఉద్యోగం. తాపీ నది దాటి అవతలి ఒడ్డున అమ్రోలి కూడా సరిగ్గా చూడని ఒక జంటను ఏకంగా చంద్రుడి మీద దింపాను. ఏది చూపించొచ్చు, ఏది చూపించకూడదు అని మాకు చెప్పినవాళ్లు లేరు. దుకాణం గోడ మీద ఒకే ఒక నియమం రాసి ఉండేది: చెప్పులు బయట విడవవలెను.

ఒక మధ్యాహ్నం మా వీధి కాక వచ్చాడు. బంధువు కాదు, వరస కలిపి పిలవడమే. ఆయన కూతురి పెళ్లి జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. పెళ్లినాటికి ఆయన తమ్ముడు కామెర్లతో ఆసుపత్రిలో ఉన్నాడు. ముహూర్తం ఆపలేక పెళ్లి కానిచ్చేశారు. ఆ తర్వాత ఆరో రోజున తమ్ముడు పోయాడు. ఊళ్లో ఉన్న తల్లికి జబ్బు సంగతీ చెప్పలేదు, చావు సంగతీ చెప్పలేదు. పెళ్లికి ముందే ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. నలభై రోజులు ఏడవకూడదని డాక్టరు చెప్పాడట.

“క్యాసెట్ పంపుమని రోజూ ఫోన్ చేపిస్తున్నది బేటా. చూసిందంటే చిన్నోడేడీ అంటది. ఏం జెప్పాలె?”

“పనిల ఉన్నడని చెప్పు కాకా.”

“అన్న బిడ్డ పెండ్లికి రానంత పనేముంటదిరా? నువ్వు మందిని చంద్రుని మీదికే తోలుతున్నవ్. మా తమ్మున్ని మండపం దాకా తేలేవా?”

 

“చిన్నమ్మకు చెప్పినవా?” అని అడిగాను. చిన్నమ్మ అంటే పోయినాయన భార్య.

“ఆమె దుఃఖంల ఆమె ఉన్నది. ఎందుకు కదిలిచ్చుడు?”

అక్కడ నేను ఆగాల్సింది. ఆగలేదు. పని ఎలా చేయాలో అప్పటికే బుర్రలో మొదలైపోయింది.

కాక తన తమ్ముడి గృహప్రవేశం క్యాసెట్ తెచ్చాడు. పక్కనే భేస్తాన్‌లో ఒక గది. తమ్ముడు పట్టుపంచె కట్టుకుని, ఒంటి మీద జంధ్యంతో, దేవుడి పటానికి రెండు చేతులా పూలు చల్లుతున్నాడు. వెనక నీలం సున్నం గోడ. మా మెషీన్‌కు ఒక గుణం ఉంది: నీలం రంగును తీసేసి, ఆ ఖాళీలో ఇంకో బొమ్మ నింపుతుంది. దానికోసం సినిమావాళ్లు పెద్ద పెద్ద నీలం తెరలు కడతారు. మనవాళ్లు ఏటా సున్నం వేసి ఉచితంగా సిద్ధం చేసిపెట్టారు.

ఒకటే చిక్కు. ఆయన కుడివైపు తిరిగి ఉన్నాడు, మండపంలో పెళ్లికూతురు ఎడమవైపు ఉంది. ఒక బటన్ నొక్కి ఆయన్ను అద్దంలో బొమ్మలా తిప్పేశాను. ఒక చెవి కాస్త కరిగింది గానీ, తమ్ముడు అన్న పక్కన నిలబడి పెళ్లికూతురి మీద పూలు చల్లాడు. ఎనిమిది సెకన్లు.

కాక లేచి తెర మీద చెయ్యి పెట్టాడు. టీవీ అద్దం చిటపటమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఎవరూ చెరపకుండా క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్క విరిచి బస్సెక్కించాం.

వారం తర్వాత చిన్నమ్మ దుకాణానికి వచ్చింది. “నా మొగున్ని పెండ్లిల జూపిచ్చినవట. నాకు గూడ జూపియ్యి.”

నా దగ్గరున్న కాపీ వేశాను. రెండోసారి వేయమంది. చూసి, నెమ్మదిగా అంది:

“దవాఖానల పదిహేను దినాలు ఆయన మంచం కాడ గూసున్న. ఈయన పెండ్లికి ఎప్పుడు వొయ్యిండు?”

నేను క్యాసెట్ ఆపాను. 

మా దుకాణం మూలలోనే ఫోన్ బూత్ ఉండేది. ఊరినుంచి తల్లి ఫోన్ చేస్తుందని కాకకు కబురొస్తే అదే సమయానికి ఆయన కూడా వచ్చాడు, చిన్నమ్మను చూసి తల దించుకున్నాడు. ఫోన్ మోగింది. సూరత్ దూరమని ఆమె దూరానికి తగ్గట్టు అరుస్తుంది, అందుకే ప్రతిమాటా మాకూ వినిపించింది.

“పెద్దోడా, ఎవరు వొయ్యిన్రురా?”

“ఎవరు వోలేదవ్వా. ఏందట్ల అంటవ్?”

“నా కన్ను ఇప్పుడు సాఫ్ కనవడుతున్నది. చిన్నోని జంధ్యం కుడి భుజం మీదున్నది. ఎవరికి కర్మ జేసిండు?”

నేత ఇళ్లలో పుట్టినవాడికెవడికీ దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటుంది. చచ్చినవాళ్లకు కర్మ చేసేటప్పుడే కుడికి మారుతుంది. నేనూ నేత ఇంట్లోనే పుట్టాను. బటన్ నొక్కేటప్పుడు చెవి చూసుకున్నాను, జంధ్యం చూసుకోలేదు.

“నువ్వు మాట్లాడుతున్నవ్. చిన్నోడు కనవడ్డడు. నా చిన్న కోడలే క్యాసెట్ల యాడ లేదు. దానికేమైందిరా? నా కన్ను కోసం దాస్తున్నరా?”

కాక నావైపు చూశాడు, దీనికీ ఏదైనా బటన్ ఉందేమోనని. లేదు.

చిన్నమ్మ వచ్చి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“నేనున్న అత్తమ్మా. నాకేం గాలే. లేనిది ఆయన.”

అవతల అరుపు ఆగిపోయింది. తర్వాత వినిపించింది రాయను.

నలభై రోజుల్లో ఇంకా పది పన్నెండు మిగిలే ఉన్నాయి. అవన్నీ ఆమె ఏడ్చిందట. కన్నుకు మాత్రం ఏమీ కాలేదు.

కొన్నాళ్లకు క్యాసెట్ అదే బస్సులో తిరిగొచ్చింది. చిన్నమ్మ తెచ్చి నా ముందు పెట్టింది.

“వాడు రాని పెండ్లిల వాన్ని పెట్టద్దన్నది అత్తమ్మ. లేని జాగ లేనట్టే ఉండనియ్యిమన్నది.”

“తప్పైంది చిన్నమ్మా. అవ్వ బాధపడద్దనే...”

“నువ్వు మంచికే జేసినవ్ బిడ్డా. కని అడగాలె గద.”

“ఆయన్నెట్ల అడుగుత?”

“నన్నడుగు. నేనున్న గద.”

ఆ రోజుల్లోనే ఒక గుజరాతీ పేపర్లో చదివాను: ముందుముందు కంప్యూటర్లు చనిపోయినవాళ్లతో కూడా నటింపజేస్తాయట, మాట్లాడిస్తాయట, దానికి చట్టాలు కావాలట. పెద్దవాళ్లు కూర్చుని ఏం రాస్తారో నాకు తెలియదు. నేనైతే గోడ మీద చెప్పుల నియమం కింద ఇంకొకటి రాశాను: రాని మనిషిని, ఇంట్లోవాళ్లను అడగకుండా, వచ్చినట్టు చూపరాదు. దాన్ని చాలామంది చదివేవాళ్లు కారు. చెప్పులతోనే లోపలికి వచ్చేవాళ్లు.

ఆ ఎనిమిది సెకన్ల మీద అసలు పెళ్లిలో తీసిందే మళ్లీ ఎక్కించాను. కాక ఒక్కడే కూతురి మీద అక్షింతలు వేస్తుంటాడు, పక్కన ఖాళీ.

రెక్క విరిచిన క్యాసెట్ మీద మళ్లీ రికార్డు కాదంటారు. ఆ కన్నం మీద సెల్లోటేపు ముక్క ఒకటి అంటిస్తే అవుతుంది.