కళ్లు తిరిగే నర్సు

సైకిలు హ్యాండిలు వదిలేసి తొక్కగలనని గజపతినగరం సంతలో నలుగురికీ చూపించాలనుకున్నాను. చూపించాను కూడా. చూపించిన మరుక్షణం కమ్మరి కొట్టు ముందు పోసి ఉన్న నాగటి కర్రుల మీద పడ్డాను. ఎడమకాలు మోకాలి కింద జానెడు మేర చీరుకుపోయింది.

అంతవరకూ అది చిన్న దెబ్బే. దాన్ని పెద్దది చేసిన ఘనత మా మామ్మది. పసుపు, పొయ్యిలో బూడిద, దూలం మీది సాలెగూడు కలిపి దట్టంగా పట్టించి కట్టేసింది. వారం తిరక్కుండా కాలు అరటిబోదెలా వాచి, ఆవిడ పెట్టిందంతా చీముగా మారి తిరిగొచ్చింది. అలా పట్నంలో ఒక ఆసుపత్రి మగవాళ్ల వార్డులో నాకో మంచం, ఆ మంచం కింద మామ్మకో చాప దొరికాయి.

మామ్మకి నా కాలి మీదకన్నా నర్సుల మీద దిగులెక్కువ. ఆవిడ దృష్టిలో ఏ ఆడపిల్లా కావాలని నర్సయిపోదు. వెనకాల ఏదో ఘోరం జరిగే ఉండాలి. అదేమిటో కనుక్కుని ఓ గుక్క ఏడిస్తేగానీ ఆవిడకి అన్నం సయించదు. మొదటిరోజే, నాకు సూదిమందు పొడుస్తున్న నర్సుని నిలేసింది.

"ఏటమ్మా, నీ మొగుడు వొదిలీసినాడా?"

"లేదు మామ్మా. రోజూ ఆయనే సైకిలు మీద దింపి వెళ్తాడు."

"మరి అమ్మా బాబూ పోయినారేటి?"

"ఇద్దరూ గుండ్రాళ్లలా ఉన్నారు."

"మరెందుకొచ్చినావే తల్లీ ఈ పనిలోకి?"

"జీతమిస్తారు మామ్మా," అని ఆవిడ దూది పారేసి వెళ్లిపోయింది. మామ్మ కళ్లొత్తుకుంటూ, "సెప్పుకోడానికి సిగ్గుపడతన్నాది, పాపం," అంది. లేని దుఃఖాన్ని కూడా పోగు చెయ్యగలదు మా మామ్మ.

ఇక ఆ వార్డులో మాకందరికీ ఇష్టమైనది ఒక ట్రైనింగు పిల్ల. కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డున వలలేసుకునే వాళ్లింటి పిల్ల. తెల్లచీర, గంజిపెట్టిన టోపీ, మనిషి మాత్రం ఇప్పుడే పడవని ఒడ్డుకు లాగేసి వచ్చినట్టుండేది. నన్ను దుప్పటితో సహా ఒంటిచేత్తో పక్కకి జరిపేసి పక్కగుడ్డ మార్చేది. మామ్మ ఆ పిల్లనీ అడగకుండా ఉండలేదు. పిల్ల రోజుకో జవాబు చెప్పేది. ఒకరోజు, "ఇక్కడ మనిషికో మంచం ఇస్తారు మామ్మా. మా ఇంట్లో అందరికీ కలిపి రెండు సాపలు." ఇంకోరోజు, "మాయమ్మ సేపల గంప నెత్తినెట్టుకుని ఊళ్లు తిరుగుతాది. నా మెడ పొట్టిది, గంప నిలవదు." మామ్మ ఏదీ నమ్మలేదు. నేను అన్నీ నమ్మాను.

ఇంత పిల్లకీ ఒక్కటే లోపం. మనిషి రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోతుంది. సొరచేపని తల నుంచి తోక దాకా కోసి ముక్కలేసేదట. కత్తి తుడిచి అదే చేత్తో అన్నం తినేదట. మనిషి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇంతే సంగతులు. మొదటిసారి, మూల మంచం ముసలాయన పుండు కడుగుతుంటే పడింది. రెండోసారి కారణం మరీ అన్యాయం. వార్డుకొచ్చిన మంగలి ఎవరికో గడ్డం గీస్తూ చెంప మీద కొంచెం గీరాడు. ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది. గడ్డం ఆయన కుర్చీలో కదలకుండా కూర్చునే ఉన్నాడు, ఈ పిల్ల ట్రేతో సహా నేల మీదుంది.

ఆ రోజు పెద్ద సిస్టరు వచ్చింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, అందుకే అందరికీ భయం.

"నువ్వు మంచి పిల్లవే. కానీ నువ్వు పడితే నిన్ను లేపడానికి ఇద్దరు కావాలి. అంతసేపూ రోగుల్ని ఎవరు చూస్తారు? ఇంకోసారి పడ్డావంటే మీ నాన్నకి కబురుపెట్టి ఇంటికి పంపించేస్తాను. రేపు ఆ సైకిలు అబ్బాయి కాలు నువ్వే కట్టు."

సైకిలు అబ్బాయంటే నేనే. వార్డులో నా పేరుకన్నా నా కాలికే పేరెక్కువ.

సాయంత్రం ఆ పిల్ల మా మంచం దగ్గరకొచ్చి, కట్టు మీంచే నా కాలిని కాసేపు చూసింది. సంతలో ఎద్దుని బేరమాడేవాడు చూసినట్టు.

"ఇంత తిప్పలెందుకు? హాయిగా వెళ్లి సొరచేపలు కోసుకోవచ్చుగా," అన్నాను.

ఈసారి వేళాకోళం జవాబు రాలేదు.

"మా తమ్ముడి పాదంలో టేకుసేప తోకముల్లు దిగిపోనాది బాబూ. ఇసకంతా రగతం. ఆడు 'అక్కా' అని కేకేసినాడు. మాయమ్మని కాదు, నన్నే. పరిగెత్తుకెల్లినాను. సూసినాను. ఆడి పక్కనే పడిపోనాను. నాను లేసేసరికి ముల్లు తీసీసినారు, కట్టు కట్టీసినారు, ఆడి సెయ్యి ఇంకెవులో పట్టుకున్నారు. నా మొకం మీద నీళ్లు జల్లుతన్నారు. ఆ నీళ్లు ఆడికి తాగడానికి తెచ్చినవి."

చాప మీంచి మామ్మ గబుక్కున లేచి కూర్చుంది. "అయ్యో! ఆ గుంటడు పోయినాడేటే?"

"నేదు మామ్మా. ఆడికేటి, రోజూ వేటకెల్తన్నాడు. నన్ను ఏడిపిస్తన్నాడు కూడా. నాకే అది అరగనేదు. మల్లీ ఎవులైనా నన్ను కేకేస్తే నాను నిలబడాల. అందుకే వొచ్చినాను."

ఎవరూ పోలేదని తెలిసి మామ్మ మళ్లీ పడుకుంది. ఇలాంటప్పుడు ఊరుకునే అలవాటు నాకు లేదు.

"రేపు పడితే నా కాలి మీద మాత్రం పడకు. మిగతా ఒళ్లంతా నీ ఇష్టం."

"నువ్వు నోరు మూసుకో బాబూ, నాను పడను," అంది.

మర్నాడు పొద్దున్న ట్రే తెచ్చింది. గాజుగుడ్డ, దూది, పటకారు, నురగలొచ్చే మందు. పక్కన పెద్ద సిస్టరు చేతులు కట్టుకుని నిలబడింది. వార్డంతా దగ్గులు కూడా ఆపుకుని చూస్తోంది. పిల్ల పెదాలు తెల్లగా ఉన్నాయి. పై కట్టు విప్పింది. లోపలి గుడ్డ పుండుకి అతుక్కుపోయి ఉంది. దాన్ని తడిపి, మెల్లిగా ఒక అంచు లేపుతుండగా డాక్టరుగారు గుమ్మంలోకొచ్చి పిలిస్తే పెద్ద సిస్టరు అటు వెళ్లింది.

అన్నాళ్లూ నేను కట్టు కట్టేటప్పుడల్లా పైకప్పు చూస్తూ పడుకునేవాణ్ణి. ఆ రోజు ఆ పిల్లకి ధైర్యం చెబుదామని లేచి కూర్చుని, "ఏముందిలే, ఇదో లెక్కా," అంటూ మొదటిసారి నా పుండు చూశాను. లోపల ఏదో తెల్లగా కనిపించింది. అది నా ఎముకేనని అర్థమైంది.

ఇక్కణ్నుంచి కాసేపు నేను కథలో లేను. మామ్మ చెప్పినదాంట్లో సగం తీసేసి రాస్తున్నాను.

నేను మంచం అంచు మీంచి జారిపోతున్నానట. పుండులోంచి రక్తం కారుతోందట. మామ్మ వెంటనే, "నా తండ్రీ, నన్నొదిలేసి ఎల్లిపోనావా," అని శోకం ఎత్తుకుంది. మా ఊళ్లో శోకం ఎత్తుకోవడానికి మనిషి పోయాడా లేదా అన్నది పెద్దగా పట్టించుకోరు. ఆ పిల్ల ఒక చేత్తో నా పుండు మీద గుడ్డ అదిమిపట్టి, రెండో చెయ్యి నా మెడకింద వేసి మంచం మీదకి లాగేసింది. పడవ లాగిన చెయ్యి కదా.

"మామ్మా! ఆడు బతికే ఉన్నాడు. ఏడుపు తరవాత, ముందు ఆ దిండు ఇలా తే. ఆ బాగున్న కాలి కింద ఎట్టు. ఊఁ, ఎత్తు!"

మామ్మ డెబ్బై ఏళ్ల జీవితంలో శోకం మధ్యలో ఆపిన సందర్భం అదొక్కటే.

నాకు తెలివొచ్చేసరికి ఆ పిల్ల మొహం కనిపించింది. చెమటతో తడిసిపోయి ఉంది. ఒక పక్క పుండు కడుగుతోంది, ఒక పక్క నాతో, "కప్పు సూడు. దూలాలెన్నున్నాయో సూడు. ఇటు మాత్రం సూడకు," అంటోంది. నేను బుద్ధిగా దూలాలు లెక్కపెట్టాను. మందు పెట్టింది, గుడ్డ వేసింది, మడమ నుంచి పైదాకా చేపపొలుసుల్లా వరసగా కట్టు చుట్టింది, చివర పిన్నీసు గుచ్చింది. పటకారు ట్రేలో పెట్టింది. అప్పుడు మంచం కోడు పట్టుకుని మెల్లిగా నేల మీద చతికిలబడింది.

సరిగ్గా అప్పుడే పెద్ద సిస్టరు తిరిగొచ్చింది.

"పడ్డావా?"

"నేదండి," అంది పిల్ల, కళ్లు మూసుకునే. "కట్టు అయిపోనాది. కూసున్నాను."

పెద్ద సిస్టరు నా దగ్గరకొచ్చింది. కట్టు అంచు వేలితో లాగి చూసింది. పిన్నీసు చూసింది. నా బాగున్న కాలి కింద దిండు చూసింది, నా మొహం చూసింది. ఎవరు పడ్డారో అర్థమైనట్టుంది. నేను కప్పు వైపు చూశాను.

నర్సులంటే రక్తానికి జంకని జాతి అని, మనలాంటి వాళ్లం వేరని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. మనలాంటి పిరికిదే, నా మంచం కోడు పట్టుకుని ఆయాసపడుతోంది. చెయ్యాల్సింది మొత్తం చేసేశాక.

"పని అయ్యాక కూర్చుంటే తప్పులేదు," అంది పెద్ద సిస్టరు. "కాసేపు ఉండి లే. మూల మంచం ఆయనది కూడా నువ్వే చెయ్యాలి."

పిల్ల కాసేపు కూడా ఉండలేదు. లేచి, టోపీ సరిచేసుకుని, చేతులు కడుక్కుని కొత్త ట్రే తీసుకుంది. దారిలో ఒక్కో మంచం ఇనప కమ్మీ పట్టుకుంటూ, వదులుతూ నడిచింది. మూల మంచం దాకా వెళ్లాక ఆ గొంతు మాకందరికీ వినిపించింది.

"తాతా, నువ్వు అటు సూడు. నాను ఇటు సూస్తాను."