వయసు గడి

డేటాబేస్ డిజైన్ మీద పాఠ్యపుస్తకం రాసిన ప్రొఫెసరుగారు తప్పులు దిద్దడానికి కూర్చుంటే ఇంట్లో ఫ్యాను తిరగకూడదు, ప్రూఫులు ఎగిరిపోతాయి. చొక్కా చేతులు మడుచుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఎర్ర పెన్నుతో కామాల వెంట పడతారు. ఒకటి దొరికితే వేట పడినట్టు గొంతు సవరించుకుంటారు. అర్థం జోలికి మాత్రం పోరు. అది తను రాసిందే కనక సరిగానే ఉండి ఉంటుందని ఆయన నమ్మకం.

ఆ మధ్యాహ్నం అన్నగారి అమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, పరీక్షలో ఉద్యోగుల పట్టికలో ఏమేం ఉండాలని అడిగితే పుట్టిన తేదీ అని రాశాను. వయసని రాయలేదని కొట్టేశారు. ఆ మార్కులు పోయే తప్పాను."

"పోదూ మరి! నా పుస్తకంలో వయసనే ఉందిగా."

"వయసు ఏటా మారిపోతుంది కదా బాబాయ్! తేదీ ఉంటే వయసు దానంతటదే తేలుతుంది. ఇప్పుడైనా దిద్దు. పుస్తకంలో మారితే నా పేపరు మళ్ళీ చూస్తామన్నారు."

ఆయన ఉద్యోగుల పట్టిక ఉన్న పేజీ తీసి చాలాసేపు చూశారు. పెన్ను ఆనించారు. అమ్మాయి ముందుకు వంగింది. మొదటి ఉద్యోగి వయసు గడిలో ముప్పై నాలుగు కొట్టేసి, పైన గుండ్రంగా ముప్పై ఐదు వేశారు.

"మారుతుందని నాకు తెలీదటే? అందుకేగా ఏటా కొత్త ముద్రణ వేయించేది!" అన్నారు.