మట్టగిడస నెట్టు

బందరు దగ్గర గిలకలదిండిలో నలభై ఏళ్లు చేపల వలలు అల్లి, చిరుగులు కట్టిన సన్యాసమ్మ పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో బెజవాడ వన్‌టౌన్‌లో పనికి కుదిరింది. ఆడవాళ్ల లోపలి బట్టలు కుట్టే దుకాణంలో గుడ్డ కత్తిరించి ఇవ్వడం ఆమె పని.

ఓనరు రామకోటేశ్వరరావు మంచివాడే గానీ మహా సిగ్గరి. పదిహేనేళ్లుగా బ్రాలు అమ్ముతున్నా ఆ మాట నోట పలకలేదు. "ఐటెం" అంటాడు, అదీ గోడకేసి చూస్తూ. నెట్టు గుడ్డని రెండువేళ్ల కొసలతో, ఎలక తోక పట్టుకున్నట్టు పట్టుకుంటాడు.

గన్నవరంలో కొట్టున్న మాణిక్యమ్మకి మర్నాటికల్లా రెండు వందల ఐటెంలు పంపాలి. పోయినసారి పక్కపట్టీలకి సాగని నెట్టు పడి, వేసుకున్నవాళ్లకి ఊపిరాడలేదట.

"ఈసారి ఒక్కటి తిరిగొచ్చినా నువ్వు బందరు బస్సెక్కడమే, సన్యాసమ్మా," అంటూ ఆయన నేలమీదున్న మూడు నెట్టు చుట్టల్ని దాటబోయాడు.

"వల దాటకండి బాబో!" అని సన్యాసమ్మ కేకేసింది. వాళ్ల వాడలో వల దాటితే ఆ రోజుకి చేప పడదు.

ఆ కేకకి ఆయన అదిరిపడి చుట్టల మీదే కూలబడ్డాడు. చుట్టలు విడిపోయాయి, పేర్ల చీటీలు ఊడిపోయాయి. మూడూ ఒకటే చందనం రంగు.

కుట్టుమిషను ముందున్న శ్రీదుర్గ నోరు నొక్కుకుంది. "అయిపోయింది పిన్నీ. మూడూ దోమతెరల్లాగే ఉన్నయ్. ఏది ఏదో ఎట్టా చెప్తావిప్పుడు?"

"కళ్లతో చూస్తే ఎవరికైనా అట్టాగే ఉంటయ్యే. లాగి వదలాలి."

సన్యాసమ్మ చతికిలబడి మొదటి నెట్టుని మూలమూలకీ లాగింది. కదల్లేదు. "ఇది చందువా చేప. బిళ్లలాగా ఉంటది, వంగదు. ముందు కప్పుకి పెట్టు." రెండోది బాగా సాగింది గానీ, వదిలితే అలాగే వేలాడిపోయింది. "ఇది బొమ్మిడాయి. ఒంట్లో సత్తువ లేదు. నైటీ అంచుకి వాడుకో."

మూడోది లాగి వదిలేసరికి చటుక్కున వెనక్కొచ్చి వేళ్లమీద కొట్టింది.

"అబ్బో, మట్టగిడస! పక్కపట్టీకి ఇదే."

"దాన్ని పవర్ నెట్టంటారనుకుంటా," అన్నాడు ఓనరు నడుం పట్టుకుని లేస్తూ.

"మీరేమన్నా అనుకోండి. తోకతో కొట్టేది మాత్రం ఇదే."

సన్యాసమ్మకి చదువు రాదు. కత్తిరించిన కట్టలు కలిసిపోకుండా ఒక్కోదాని మీద దాని చేప బొమ్మ గీసిన చీటీ పెట్టింది. శ్రీదుర్గ కుట్టింది. హడావుడిలో చీటీలు కూడా డబ్బాల్లోకెక్కి గన్నవరం వెళ్లిపోయాయి.

వారం తర్వాత ఫోను మోగింది. మాణిక్యమ్మ గొంతు దుకాణమంతా వినబడింది.

"ఏవండీ, డబ్బాల్లో ఈ చేపలేందండీ?"

ఓనరు మొహంలో నెత్తురుచుక్క లేదు. సన్యాసమ్మ సంచీ సర్దుకోవడం మొదలెట్టింది.

"ఒక్కటీ తిరిగి రాలేదులెండి. పట్టీ భలే పట్టుకుంటందంట. ఆ తోకెత్తిన చేపది ఇంకో రెండొందలు పంపండి."

రామకోటేశ్వరరావుకి పదిహేనేళ్లకి నోరారా పలికే పేరొకటి దొరికింది. "సన్యాసమ్మా! రెండు వందల మట్టగిడసలు!" అని వీధి వినేలా అరిచాడు.

"అయితే నేనుండనా, పోనా?"

జవాబు చెప్పడానికి ఆయన ఆమె దగ్గరికి బయల్దేరాడు. మధ్యలో నెట్టు చుట్ట అడ్డమొచ్చింది. కాలెత్తబోయి దించుకుని, గోడవారగా చుట్టూ తిరిగి వచ్చాడు.

సన్యాసమ్మ సంచీ మళ్లీ మేకుకి తగిలించింది.