ఉలి ఆగిన వాక్యం

సింధూ, మొన్న ఫోన్లో అడిగావు, అవ్వా, నువ్వు రాసేదంతా ఎందుకు పైకి చదువుతావు అని. యూనివర్సిటీలో వ్యాసాలు రాయలేక ఏడుపొస్తోందని కూడా చెప్పావు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. నువ్వూ తమ్ముడూ పుణెలో ఉన్నారు. ఫోన్లో చెబితే మధ్యలో సిగ్నల్ పోతుంది, నాకు మళ్లీ మొదలుపెట్టే ధైర్యం ఉండదు. అందుకే రాస్తున్నాను.

నేను పిరికిదాన్ని అనుకోవద్దు. ఆళ్లగడ్డకు కోడలుగా వచ్చినప్పటినుంచి మన ఇంటి ముందు షెడ్డులో ఎప్పుడూ సగం చెక్కిన అమ్మవార్లు, పోతరాజులు, తల లేని నందులు నిలబడే ఉండేవి. ఎండాకాలం వాటి మధ్యే చాప వేసుకుని నిద్రపోయేదాన్ని. గడివేముల నుంచి వచ్చినప్పుడు మా అమ్మ ఒక్క రాత్రి కూడా అక్కడ పడుకోలేదు. నాకు మాత్రం అవి రాళ్లే. దయ్యమని, గాలి అని ఎవరైనా చెబితే వినేదాన్ని, నమ్మేదాన్ని కాదు.

మీరిద్దరూ బడికి పోతున్న రోజుల్లో నేను ఎం.ఏ. చరిత్రలో చేరాను. దూరవిద్య. ఆదివారాలు నంద్యాలలో క్లాసులు, మిగతాదంతా ఇంటి దగ్గరే. వ్యాసాలు రాసి అక్కడి సారుకు ఇవ్వాలి. క్లాసులో అందరూ మీ అమ్మకన్నా చిన్నవాళ్లు. మొదటిరోజు నన్ను చూసి మేడమ్ అనుకుని లేచి నిలబడ్డారు.

రాసిందల్లా మీ తాతకు చదివి వినిపించేదాన్ని. వరండాలో నా కుర్చీ, ఎదురుగా షెడ్డులో ఆయన. నేను చదివేటప్పుడు ఉలి టక్ టక్‌మని నడుస్తూ ఉంటే వాక్యం బాగున్నట్టు. అర్థం కాకపోతే ఉలి ఆగేది. తల మాత్రం ఎత్తేవాడు కాదు.

"ఏందిమే అది? మళ్లా చెప్పు."

"సామాజిక ఆర్థిక పరిణామ క్రమంలో..."

"అంత పెద్ద రాయి ఎత్తుకోని యాడికి పోతాండావ్? దించి చెప్పు."

ఒక్కోసారి బీడీ ముట్టించుకోవడానికి ఆగేవాడు. అది తెలియక నేను మంచి వాక్యాన్ని కూడా కొట్టేసేదాన్ని. ఆ రోజుకు పని అయిపోతే మాత్రం అనుమానం ఉండేది కాదు. సుత్తి తీసుకెళ్లి ఇనుప తట్టలో పడేసేవాడు. ఖంగుమని వినిపించేది.

వ్యాసానికి మొదటి వాక్యం దొరక్క నేను తల పట్టుకున్నప్పుడు కూడా ఆయనే దారి చెప్పాడు.

"మొగం కాడ్నే కూచుంటే ఎట్ల? విగ్రహానికి కండ్లు మేము కడాకు, అంతా అయినాంక తెరుస్తాం. నువ్వూ ఆడ వదిలిపెట్టి కిందికి పో."

అప్పటినుంచి పేజీ పైన నాలుగు గీతలు ఖాళీగా వదిలి, కిందినుంచి రాయడం అలవాటైంది.

రెండో ఏడు మధ్యలో మీ తాత పోయాడు. మీరు వచ్చారు, ఏడ్చారు, పరీక్షలున్నాయని వెళ్లారు. వెళ్లాలి కూడా. నేను ఆయన పనిముట్లు తుడిచి, గోనెసంచిలో కట్టి, షెడ్డులో మూల పెట్టి తాళం వేశాను. వీధి నిండా చప్పుడే, ప్రతి షెడ్డులోనూ కటింగ్ మిషన్లే. మన ఇంటి చప్పుడు ఒక్కటే లేదు. ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పోయాలో చేతికి తెలియక రోజూ అన్నం మిగిలేది.

ఆఖరి వ్యాసం ఒకటి ఉంది. మీ ప్రాంతపు చేతివృత్తి గురించి రాయమన్నారు. నాకు ఇంతకన్నా తేలికైన ప్రశ్న రాదు. అయినా ఒక్క ముక్క రాలేదు. వినే మనిషి లేకుండా సొంత మాట ఎలా వస్తుందో నాకు తెలియలేదు. పాఠ్యపుస్తకంలో శిల్పకళ మీద ఉన్నదంతా దించి పట్టుకుపోయాను.

సారు రెండు పేజీలు తిప్పి, కాగితాలు నా ముందుకు జరిపాడు.

"అమ్మా, ఇది పుస్తకం మాట. మీ మాట యాడుంది? శిల్పుల ఇంట్లో ఉండి ఇట్ల రాస్తే ఎట్లమ్మా? వచ్చే ఆదివారానికి మళ్లా రాసుకోని రాండి. అది దాటితే నా చేతిలో ల్యా. ఈ ఏడు పోయినట్లే."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధపడ్డాను. బస్సు శిరివెళ్ల దాటేదాకా తల ఎత్తలేదు. ఇంకో ఏడు మళ్లీ చదివే ఓపిక నాకు లేదు. మీ తాత ఉండగా మొదలుపెట్టిన పనుల్లో ఇంట్లో మిగిలింది అదొక్కటే. అదీ పోతే ఇంక ఏమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం వరండాలో కూర్చున్నాను. కరెంటు పోయి వీధిలో మిషన్లన్నీ ఆగాయి. పైన గీతలు వదిలి, ఒక వాక్యం రాసి, అలవాటుగా పైకి చదివాను. రాయి కొనేముందు దాన్ని సుత్తితో తట్టి వింటారు అని.

టక్ టక్‌మని ఉలి చప్పుడు.

పక్కింట్లో అనుకున్నాను. వాళ్లూ శిల్పులే, కరెంటు లేకపోతే చేతిపని చేస్తారు. తోడు దొరికినట్టయి రాస్తూ పోయాను. చదివిన ప్రతి వాక్యానికీ చప్పుడు నడుస్తూనే ఉంది. ఇట్టి కళాఖండములు మన సంస్కృతికి ప్రతీకలు అని చదివాను. అది పుస్తకంలోది, చేయి తనంతట తనే రాసేసింది.

ఉలి ఆగింది.

ఎంతసేపటికీ మళ్లీ వినపడలేదు. ఆ వాక్యం కొట్టేసి ఇంకోటి రాశాను. విగ్రహం లారీ ఎక్కి వెళ్లిపోయాక అది నిలబడిన చోటు వెంటనే ఊడ్చం, ఊరికి పోయిన మనిషి వెనక ఊడ్వనట్టే. చదివాను. చప్పుడు మొదలైంది.

ఆ వారమంతా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. కరెంటు ఉన్నప్పుడు కూడా మిషన్ల మోత కిందినుంచి సన్నగా వినిపించేది. నేను దాని గురించి ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆగిపోతుందేమోనని కావచ్చు.

శనివారం పక్కింటి రమణమ్మ గోడ మీదినుంచి పలకరించింది.

"ఏం వదినా, షెడ్డు బాడిగకిచ్చినావా? మాటమాత్రం చెప్పకపోతివే."

"లేదే, ఎందుకు?"

"మల్ల ఎవురు పని చేస్తాండేది? మద్దేనం కునుకు తీయనీకుండా కొడ్తానే ఉండారు."

"మీ వాళ్లు కాదా?"

"మావోళ్లు శ్రీశైలం కాడికి విగ్రహం నిలబెట్టేకి పోయినారు గదా. ఇంగా రాల్యా. మా షెడ్డులో కోడి గూడా లేదు."

తాళం తీసి చూశాను. గోనెసంచి నేను వేసిన ముడితోనే ఉంది. ఇనుప తట్ట ఖాళీగా ఉంది. నేల మీద రాతిపొడి పరుచుకుని ఉంది. దాని మీద బల్లి పాకిన గీత తప్ప ఇంకే గుర్తూ లేదు.

భయం వేయలేదని అబద్ధం చెప్పను. కానీ తెల్లవారితే ఆదివారం, పైన గీతలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. వచ్చి కుర్చీలో కూర్చున్నాను. మొదటి వాక్యం రాశాను. మా ఆయన చెక్కేటప్పుడు నేను రాయిని చూసేదాన్ని కాదు, చప్పుడు వినేదాన్ని. పైకి చదివాను.

చప్పుడు వచ్చింది. ఈసారి చాలా చిన్నగా, తొందర లేకుండా, కండ్లు తెరిచేటప్పుడు సన్న ఉలితో కొట్టినట్టు. కాసేపు నడిచి ఆగింది.

నేను తట్టలో సుత్తి పడే చప్పుడు కోసం చూశాను. అది రాలేదు. వాక్యం నచ్చలేదేమోనని మార్చి చదివాను. ఇంకోలా మార్చి చదివాను. ఏమీ లేదు. పొద్దు వాలాక మొదట రాసిందే ఉంచి, కాగితాలు మడిచాను.

నంద్యాలలో సారు మొదటి వాక్యం దగ్గరే చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత, "ఇది మీ మాటమ్మా" అని సంతకం పెట్టాడు. నేను పాసయ్యానని మీకు తెలుసు. ఫోన్లో కేకలు పెట్టారు కదా.

మీ తమ్ముడు వింటే దూరపు చప్పుడేదో గోడకు కొట్టుకుని వచ్చింది అంటాడు. వీధిలో అందరినీ అడిగాను. ఆ వారం చేతిపని చేసినవాళ్లు ఎవరూ లేరు. నేనొక్కదాన్నే విని ఉంటే దిగులు అని సరిపెట్టుకునేదాన్ని. రమణమ్మకు ఏం దిగులు?

నాకు తేలనిది ఇంకొకటి ఉంది. ఆ శనివారం ఉలి ఎందుకు ఆగింది? పని అయిపోయి అనుకుందామంటే సుత్తి తట్టలో పడలేదు. వాక్యం బాగాలేక అనుకుందామంటే సారు దానికే సంతకం పెట్టాడు. మిగిలింది బీడీ ఒక్కటే. బీడీకి ఆగి ఉంటే మళ్లీ మొదలు కావాలి కదా.

అందుకే ఏం రాసినా పైకి చదువుతాను సింధూ. ఇదంతా కూడా ఇప్పుడే వరండాలో కూర్చుని చదివాను. చదివి, షెడ్డు వైపు తిరిగి, ఉలి చప్పుడు కోసం చెవి పెట్టి కూర్చున్నాను.