జర్మనీ జడ్జిగారి మీదికి నేను వదిలిన పులి

దుబాయ్ కరామా పేట మీదుగా మెట్రో రైలు కొత్తగా తిరుగుతున్న ఆ రోజుల్లో నాకు ఆస్తి అంటూ ఉన్నది ఒక్క మంచం. (గది కాదు, మంచమే. దాని కింద నా పెట్టె, చుట్టూ తోటివాళ్ల గురకలు.) అయినా భూమండలం మీద నన్ను మించిన వక్త లేడని నా నమ్మకం. కాకినాడలో మా పేటలో ఏ సన్మానం జరిగినా అతిథిని పరిచయం చేసేది నేనే. వేదిక ఎక్కేటప్పుడు వార్డు మెంబరుగా ఎక్కిన మనిషి, నేను మైకు వదిలేసరికి చక్రవర్తి అయి దిగేవాడు. ఒకసారి పశువుల డాక్టరు గారిని పొగుడుతుంటే, ఆయన భార్యే పక్కావిడను "ఎవరి గురించండీ చెబుతున్నాడు?" అని అడిగిందట!

దుబాయ్‌లో ఫంక్షన్లు చేయించే ఓ చిన్న కంపెనీలో చేరాను. ఇంకా ప్రొబేషనే. మా ముదీర్, అంటే మేనేజరు, కరీంనగర్ మనిషి. అక్కడి తెలుగు సంఘం వార్షికోత్సవానికీ ఆయనే పెద్ద. ఆ ఏడు ముఖ్య అతిథిగా ఏకంగా జర్మనీలో హైకోర్టు జడ్జిగా చేసి రిటైరైన పెద్దమనిషిని పట్టుకొచ్చాడు. ఏదో సదస్సుకు వచ్చిన ఆయన, మన భోజనం అనగానే ఒప్పేసుకున్నారట.

"ఏం పిల్లగా, జడ్జిసాబ్ గురించి నువ్వే చెప్పాలె. జనం కుర్సీలకెల్లి లేవాలె. లేచిండ్రా, నీ నౌకరీ పక్కా. లేవకుంటే ఖలాస్! టికెట్ కొట్టిస్త, ఇంటికి పో," అన్నాడు ముదీర్.

జడ్జిగారిని హోటల్ నుంచి హాలుకు కార్లో తెచ్చేది నేనే కాబట్టి, ఆయన జీవితాన్ని దారిలోనే పిండేద్దామనుకున్నాను. తండ్రిది రొట్టెల దుకాణం. బడికి వెళ్లేముందు ఇల్లిల్లూ తిరిగి రొట్టెలు వేసేవారు. జడ్జి అయ్యాక మొదట చిన్న కోర్టులో కంచె తగాదాలూ, పొరుగింటి పెరట్లో రాలిన యాపిల్ ఎవరిదన్న గొడవలూ. హైకోర్టుకు వచ్చాక ఇళ్లు సరిగ్గా కట్టలేదన్న అప్పీళ్లు. "ఎక్కువగా కారే కప్పులే," అన్నారు తృప్తిగా.

"హంతకులు లేరాండీ?" అన్నాను ఇంగ్లీషులో, దీనంగా.

"లేరు."

"పోనీ, ప్రాణాలకు బెదిరింపులు?"

ఆయన బాగా ఆలోచించి, "ఒకసారి ఒకావిడ గొడుగు చూపించింది," అన్నారు.

నా నౌకరీ సముద్రంలో కలిసిపోయినట్టు కనిపించింది. కారే కప్పులకు ఏ తెలుగువాడు కుర్చీలోంచి లేస్తాడు? అందుకే మైకు అందుకోగానే పూనకం వచ్చేసింది. రొట్టెలు మోసిన ఆ పసివాడు మంచుకొండలు దాటాడు. దారిలో పులి ఎదురైంది. పులికి రొట్టె పెట్టి, ధర్మం చెప్పి పంపేశాడు. గొడుగావిడ కత్తుల ముఠా నాయకురాలై, ఈయన తీర్పు విని కాషాయం కట్టింది. ప్రతి వాక్యానికీ హాలు చప్పట్లతో ఊగిపోతోంది! తెలుగులో చెబుతున్నాను, జర్మనీ ఆయనకు ఏం తెలుస్తుందిలే అన్న ధీమా.

తీరా చూస్తే జడ్జిగారి పక్క కుర్చీలో ఒక నర్సమ్మాయి. భీమవరం వైపు పిల్ల. డ్యాన్సులవీ వివరించడానికని కమిటీవాళ్లు కూర్చోబెట్టారు. ఆ మహాతల్లి నా ప్రసంగాన్ని మొదటి నుంచీ ఆయన చెవిలో ఇంగ్లీషులో దించుతోంది! నేను వేదిక దిగి, "ఏమండీ, ఎంతవరకు చెప్పారు?" అన్నాను.

"మొత్తం చెప్పానండి. పులిని కూడా వదల్లేదు," అంది చల్లగా.

జడ్జిగారు లేచారు. ఆయన ఇంగ్లీషులో అంటుంటే ఆ అమ్మాయే మైకులో తెలుగు చేసింది.

"ఇప్పుడు విన్న మహానుభావుణ్ణి కలవాలని నాకూ ఉంది. రొట్టెలు నిజం. పులికి ఆధారం లేదు. దాన్ని నమ్మినవారు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. ముదీర్ నన్ను చూసి, గాల్లో విమానంలా అరచెయ్యి ఎగరేశాడు.

"మోసం అనాలంటే మోసపోయినవాడు ఉండాలి," అన్నారు జడ్జిగారు. "ఇక్కడ ఒక్కరూ లేరు. అబద్ధమని తెలిసే అందరూ చప్పట్లు కొట్టారు. కాబట్టి ఇది నేరం కాదు, మీ మర్యాద. కేసు కొట్టివేస్తున్నాను. ముద్దాయి నాకు స్వయంగా గారెలు వడ్డించాలి."

హాలు హాలంతా ఈలలేస్తూ లేచి నిలబడింది! (హాలు కప్పు లేచిపోయిందని రాద్దామనుకున్నాను. ఆయన వింటే ఆధారం అడుగుతారు.) ముదీర్ పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు. "లేచిండ్రు పిల్లగా! కుర్సీలకెల్లి లేచిండ్రు! నౌకరీ పక్కా!"

గారెలు తింటూ జడ్జిగారు నన్ను ఒక్కటే అడిగారు. "నా కప్పులను ఎందుకు వదిలేశావు? వాన రాత్రి ఒక ఇంట్లో పిల్లలు తడవకుండా నిద్రపోయారంటే, నా జీవితంలో చెప్పుకోదగ్గది అదే." నేను నవ్వేసి, ఇంకో గారె వేశాను. అప్పటికి నాది అర్థమయ్యే వయసు కాదు.

ఇప్పుడు మాకూ పై అంతస్తులో ఒక అద్దె ఫ్లాటుంది, దానికో కప్పుంది. దుబాయ్‌లో ఎప్పుడో ఒక వాన పడితే చాలు, అది హాల్లోకి ధారగా కారుతుంది. ఓనరు పలకడు. అప్పుడు ఆ జడ్జిగారు నాకు ఏ చక్రవర్తి కంటే కూడా ఎత్తుగా కనిపిస్తారు. ఆ భీమవరం నర్సమ్మే, ఇప్పుడు మా ఆవిడ, ధార కింద బకెట్టు జరుపుతూ అంటుంది: "ఊరికే చూస్తారేంటండీ? మీ పులిని పిలవండి, వచ్చి ఆపుతుందేమో!"