అమెరికా నటుడికి మాట అందించిన రోజు

2024 నవంబరు 12, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, విజయనగరం నుంచి గజపతినగరం వెళ్లే దారిలో, కారు వెనుక సీటులో నా పక్కన కూర్చున్న అమెరికా నటుడు చేతిలోని కాగితం చూపించి, ఈ పేజీ మనకు ఎప్పుడు ఇచ్చారని అడిగారు. ముందురోజు సాయంత్రం లాడ్జి వరండాలో ఆ పేజీనే ఆయన నాకు తప్పు లేకుండా అప్పజెప్పారు. పరిహాసమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

నేను ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు చెప్పే గెస్ట్ లెక్చరర్‌ను. మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఒక సినిమాలో వేషం వేయడానికి వస్తున్న అమెరికా ఆయనకు తెలుగు నేర్పేవారు కావాలని సినిమావాళ్లు అడిగితే, మా సంఘం పాస్టరు గారు నా పేరు చెప్పారు. కళాశాలలో సెలవు పెట్టి ఒప్పుకున్నాను. ఒప్పుకున్ననాటి నుంచి పరీక్ష రాస్తున్నట్టే ఉండేది.

ఆయన వేషం ఒక మిషన్ డాక్టరుది. చాలా ఏళ్ల కిందట ఈ ప్రాంతానికి వచ్చి, ఇక్కడి పేదలకు వైద్యం చేసి, ముసలితనంలో తిరిగి వెళ్లిపోతాడు. ఆ డాక్టరు తెలుగును పుస్తకాల్లో కాక రోగుల దగ్గర నేర్చుకున్నవాడు కనుక ఈ ప్రాంతపు తెలుగే మాట్లాడాలని దర్శకుడి పట్టుదల. దర్శకుడిది శ్రీకాకుళం, వయసు ముప్పై దాటి ఉండదు. సాధారణంగా మన సినిమాల్లో భాష రానివారికి కెమెరా పక్క నుంచి ఎవరో మాట అందిస్తారు, తరువాత వేరొకరు గొంతు ఇస్తారు. మా దర్శకుడు అలా కుదరదన్నారు. అక్కడికక్కడే మాట రికార్డు కావాలి, పక్క నుంచి చిన్న గుసగుస కూడా వినబడకూడదు. ఈ నటుడు ఒక తెలుగు పేజీని బట్టీపట్టి వీడియోలో పంపించినందుకే ఆయనను ఎన్నుకున్నారు. అయితే ఆ వీడియో ఏడాది కిందటిది.

కారులో, విరామాల్లో ఆయన తన జీవితం గురించి చెప్పేవారు. తండ్రి ఒక చిన్న ఊళ్లో మాంసం కొట్టు నడిపేవారు. ఈయన సైన్యంలో పనిచేసి, నగరానికి వచ్చి, పగలు టాక్సీ తోలుతూ సాయంత్రాలు నాటకాలాడారు. మొదటి సినిమాలో లిఫ్టు నడిపేవాడి వేషం, ఒకే మాట. ఆ తరువాత పోలీసు, జడ్జి, పక్కింటివాడు, హీరోకి చెడ్డ కబురు మోసుకొచ్చే డాక్టరు. కథానాయకుడు ఒక్కసారీ కాలేదు. కావాలని కోరుకోలేదు కూడా. విమానాశ్రయాల్లో జనం దగ్గరకు వచ్చి, మనం ఒకే బడిలో చదువుకున్నామా, మీరు మా పెదనాన్నకు ఏమవుతారు అని అడిగేవారట. ముఖం గుర్తు, పేరు గుర్తు లేదు. ఆ సంగతి ఆయన గర్వంగానే చెప్పేవారు. గజపతినగరంలో టీ కొట్టాయన కూడా ఆయనను చాలాసేపు చూసి, పక్కవాడితో, "ఒరే, ఈయన్ని నానెక్కడో సూసినాను. టీవీలో తెలుగు సేసిన ఇంగ్లీషు సినిమాలో జడ్జి కాదేటి?" అన్నాడు. నేను అది తర్జుమా చేస్తే ఆయన లేచి టీ కొట్టాయనకు చెయ్యి కలిపారు.

ఆ మంగళవారం కారులో ఆయన అసలు సంగతి చెప్పారు. ఏడాదిగా మాటలు జారిపోతున్నాయి. పాతవి ఉంటున్నాయి, నిన్నటివి పోతున్నాయి. పిల్లలకు చెప్పలేదు. వేషాలు ఇప్పించే ఏజెంటుకు చెప్పలేదు. నన్ను కూడా ఎవరికీ చెప్పవద్దని అడిగారు. చెబితే అందరూ చాలా మర్యాదగా ఉంటారు, ఆ మర్యాద మొదలయ్యాక ఇక ఎవరూ పనికి పిలవరు అన్నారు. సరేనన్నాను. ఆలోచించి అనలేదు. తండ్రి వయసు మనిషి అడుగుతుంటే వేరే మాట రాలేదు.

ఆ తరువాత నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఊరికి వీడ్కోలు చెప్పే పెద్ద సన్నివేశం శుక్రవారం ఉంది. అది కుదరకపోతే అంతమంది శ్రమ వృథా అవుతుంది, కారణం తెలిసి కూడా దాచినదాన్ని నేనవుతాను. చెబితే ఆయన చివరి పని నా నోటితో పోతుంది. ఆయన నడుస్తూ పాఠం నేర్చుకునేవారు, స్తంభానికొక వాక్యం. షూటింగు జరిగే పాత బంగళా వరండాలో ఆయనతో పాటు నేనూ నడిచేదాన్ని. మొదటి స్తంభం, రెండవ స్తంభం బాగానే దాటేవారు. పిల్లల్ని మా వైపు అనేట్టు గుంటలు అనాల్సిన మూడవ స్తంభం దగ్గర ఆగి, దానిని చేత్తో తడిమి, నా వైపు చూసేవారు.

ఇంట్లో కూడా ఆ మాటలే గొణుక్కుంటుంటే అమ్మ అడిగింది.

"ఏటే, ఆ ముసలాయన మాటలు నువ్వు బట్టీ పడతన్నావు. ఆయనకి రాదేటి?"

వస్తుందని అబద్ధమాడాను. అమ్మ అన్నం పెడుతూ నన్ను రెండుసార్లు చూసింది.

శుక్రవారం సన్నివేశానికి ఊరి జనం కావాలంటే, మా సంఘం వాళ్లే వచ్చారు. అమ్మ కూడా వచ్చింది. ఆడవాళ్లు చాలలేదని నాకు కూడా పాత నేతచీర కట్టించి వాళ్లలో నిలబెట్టారు. ఆయన ముఖం కనబడేంత దగ్గర నిలబడినందుకు మొదట సంతోషించాను. చిన్న మైకులు ఎక్కడెక్కడ దాచారో చూశాక ఆ సంతోషం పోయింది.

మొదటిసారి ఆయన రెండు వాక్యాలు చెప్పి, దుమ్ము అని దగ్గారు. రెండవసారి మంచినీళ్లు అడిగారు. దర్శకుడు ఓపికగానే ఉన్నారు కానీ ఎండ వైపు చూడడం మొదలుపెట్టారు. మూడవసారి నటుడు బంగళా మెట్టు మీద నిలబడి, "నానెల్లిపోతన్నాను. ఈ ఊరొచ్చినపుడు నాకు మాట రాదు, మీరే నేర్పినారు" అని స్పష్టంగా అన్నారు. తరువాత ఆగిపోయారు. దగ్గలేదు. నీళ్లు అడగలేదు. చెయ్యి పక్కకు చాచి గాలిలో స్తంభం కోసం వెతికారు. కెమెరా నడుస్తూనే ఉంది. ఆయన పెదవులు కదులుతున్నాయి, మాట లేదు.

మా గుడిలో, అంటే చర్చిలో, పాట పాడేటప్పుడు ఒకరు ముందుగా చరణం చదివి అందిస్తారు, తరువాత అందరూ అది పాడతారు. చదువురానివాళ్ల కోసం ఏర్పడిన పద్ధతి. చిన్నప్పటి నుంచి మా గుడిలో ఆ పని నాది. ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చింది గుసగుస కాదు, ఆ గుడి గొంతు.

"మీ గుంటలు నా సేతుల్లోనే పుట్టినారు."

ఆ గొంతు వినగానే మా వాళ్లు ఏమి చేస్తారో నేను ఆలోచించలేదు. వెనుక ఉన్న నలభై మందీ ఒక్కపెట్టున, "మీ గుంటలు నా సేతుల్లోనే పుట్టినారు" అన్నారు, డాక్టరు వైపు చూస్తూ. ఒక ముసలామె తను అన్నది తనకే వినబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన అందరినీ చూశారు. వాళ్ల తరువాత అదే వాక్యం నెమ్మదిగా తానూ అన్నారు. తరువాతి వాక్యం అందించాను. జనం అన్నారు, ఆయన అన్నారు. చివరి వరకు అలాగే సాగింది. దర్శకుడు ఆపమనలేదు.

కెమెరా ఆపిన తరువాత దర్శకుడు పరుగున వచ్చి, ఇది ఎవరి ఆలోచన అని అడిగారు. మా సంఘం పెద్దాయన, "ఆలోసనేటి బాబూ, మా గుడిలో ఇలగే అందిస్తాం" అన్నాడు. దర్శకుడి ముఖం వెలిగిపోయింది. మరో వైపు నుంచి మళ్లీ ఇలాగే చేద్దామన్నారు. గండం గడిచిందనుకున్నాను.

అమెరికా ఆయన మెట్టు మీద కూర్చుని డాక్టరు కళ్లద్దాలు తీసేశారు. ఇది ఏర్పాటు కాదని, తాను మరచిపోయానని, చాలాకాలంగా మరచిపోతున్నానని, దాచమని అడిగింది తానేనని, ఈ అమ్మాయి తప్పేమీ లేదని దర్శకుడితో చెప్పారు. తరువాత నా వైపు తిరిగి, వీళ్లందరికీ తెలుగులో చెప్పు టీచర్ అన్నారు.

నా నోటికి కళాశాలలో మాట్లాడే తెలుగు రాలేదు. "ఈయనకి మాటలు గుర్తుండవంట. దాసమని నన్నడిగినారు. నాను దాసినాను" అన్నాను. అమ్మ తల వంచుకుంది. ఇందాకటి ముసలామె మాత్రం, "గుర్తుండకపోతే ఏటి? మా ఆయనకి పెళ్లినాడు సెప్పిన మాటే గుర్తుండదు, ఆయన్నెవులు తీసీసినారు? మనం అందిస్తాం కదా" అంది. కొందరు నవ్వారు. నేను దానిని ఆయనకు తర్జుమా చేశాను. ఆయన కూడా నవ్వి, కళ్లద్దాలు నా చేతికిచ్చారు. నేనే పెట్టాను.

దర్శకుడు నవ్వలేదు. ఫోను పట్టుకుని బంగళా వెనక్కు వెళ్లారు. తిరిగి వచ్చేవరకు ఎవరూ భోజనానికి లేవలేదు. వచ్చాక, ఈ సన్నివేశం ఇలాగే పూర్తిచేద్దాం, మిగిలిన వాటి సంగతి చూద్దాం అన్నారు. సాయంత్రం వరకు పని సాగింది. ప్రతి వాక్యం నేను అందించాను.

సినిమాలో ఆయన మాట్లాడేది ఆ ఒక్క సన్నివేశంలోనే. మిగిలిన సన్నివేశాలను మాటలు లేకుండా తీసి, అనుకున్నదానికంటే ముందుగా ఆయనను పంపించారు. ఇంటికి చేరాక ఆయన తన జబ్బు సంగతి పిల్లలకు, ఏజెంటుకు తానే చెప్పారని ఆయన కూతురు నాకు రాసింది. ఆ తరువాత ఆయన మళ్లీ నటించలేదు.